కాశ్మీరపు చేతికుంపటి

చలికాల మనగా మన తెలుగునాట సంక్రాంతికి అటునిటుగా నాలుగైదు వారముల మాట. చింతపల్లి మన్యమునను లంబసింగి కొండలలోను తెల్లవారుజామున గడ్డిపరకలమీద మంచు పేరుకొను రాత్రులు లేకపోలేదు గాని, అచ్చటివారికైనను వాకిట నొక నెగడు, ఒంటిమీద నొక గొంగళి ఉన్నచో రాత్రి గడచును; ప్రొద్దెక్కిన పిమ్మట తక్కిన పనిని ఎండ చూచుకొనును. శాతవాహన ప్రభువగు హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలో, పొగలేని ఊకనిప్పువంటి పడుచుపెండ్లాము కౌగిలిని నమ్ముకొని, నడి మాఘమాసమున కప్పుకొను వస్త్రము నమ్మి ఎద్దును కొనుక్కొన్న కాపువాని ముచ్చట యొకటి కలదు. దక్షిణాపథపు చలితో అట్టి సాహసము చెల్లును. హిమాలయముల నడుమ, సముద్రమట్టమునకు రమారమి 5,200 అడుగుల ఎత్తున పరచుకొనియున్న కాశ్మీరలోయలో అది చెల్లదు. అచ్చటివారు డిసెంబరు 21వ తేదీ మొదలు 40 దినములను చిల్లై కలాన్ అనియు, ఆపై 20 దినములను చిల్లై ఖుర్ద్ అనియు, తుదిని వచ్చు 10 దినములను చిల్లై బచ్చా అనియు పేర్లుపెట్టి, గండము గడచిన లెక్క చూచుకొన్నట్లు ఒక్కొక్కదినమే లెక్కించుకొందురు. ఆ దినములలో సరస్సుల అంచులు గాజుపలకలవలె గట్టిపడును. కనుమదారులు మంచుతో మూసికొనిపోవును. శ్రీనగరమున 1893వ సంవత్సరమందు ఉష్ణమానము సున్నకు దిగువను 14.4 డిగ్రీలవరకు పడిపోయినది.

అట్టిచోట ధనవంతుడెట్లు వెచ్చగా నుండెనో విచారింపనక్కరలేదు. దేవదారు దుంగలు కొనుటకు సొమ్ము, వానిని మోయుటకు మనుష్యులు కలవాని కెక్కడనైనను చలి బాధ తక్కువయే. విచారింపదగినది పేదవాని సంగతి. ఒక గదిని వెచ్చజేయవలెనన్నచో అందలి గాలిని, గోడలను, కప్పును, నేలను అన్నిటిని వెచ్చజేయవలెను. ఇంత కట్టెయు దహించిన తరువాత మనిషి కందునది అందులో అత్యల్పభాగము. కాశ్మీరపు రైతు గది జోలికి పోలేదు. గుప్పెడు నిప్పును మట్టిచిప్పలో నుంచి, చిప్పచుట్టును బుట్టనల్లి, పైన పిడి యమర్చి, దానిని తన అంగీలోపల పెట్టుకొని, ఏ యొంటికి వెచ్చదనము కావలెనో ఆ యొంటినే వెచ్చజేసికొన్నాడు. ఇదియే కాంగ్రి. ఒక జాతి యంతయు శతాబ్దములతరబడి చలికి ప్రాణము నిలుపుకొనుటకు కనుగొన్న ఉపాయములలో ఇంతకంటె చౌకయైనది, ఇంతకంటె బుద్ధిమంతమైనది మరియొకటి కలదని నేను తలపను. అందుచేతనే దాని పూర్వోత్తరములను, దానితోపాటు ఆ దేశపు పేదయిండ్లు చలి కెట్లు ఓర్చినవో ఆ వృత్తాంతమును కొంచెము సావకాశముగా చెప్పుకొనుట యుక్తమని తోచుచున్నది.

కాశ్మీరమున మనుష్యుడు చలికాలము గడపగలుగుటయే ఒక విజయమని ఆ దేశపు పురాణము చెప్పును. నీలమతపురాణము ననుసరించి, పూర్వము ఆ లోయలో మానవులు నివసించినది సంవత్సరమున కారుమాసములే. ఆశ్వయుజమాసము దాటగానే ధాన్యమును మూటకట్టుకొని వారు వెడలిపోయెడివారు. తక్కిన ఆరుమాసములును నికుంభుడను నాయకుని వెంట వచ్చిన పిశాచములు ఆ మంచునేలను ఏలుకొనెడివి. చైత్రమున మరల మానవులు తిరిగివచ్చెడివారు. చంద్రదేవుడను వృద్ధబ్రాహ్మణు డొకడు ఒక యేడు నడువలేక అచ్చటనే చిక్కుపడి, చలికిని పిశాచములకును లోబడి నానాయాతనలు పడి, తుదకు నాగరాజగు నీలుని శరణుజొచ్చి, ఇకమీదట మనుష్యులు పండ్రెండుమాసములును ఇచ్చట నుండునట్లు వరము పడసెను. కథను కథగానే గ్రహించినను, దాని యడుగున నొక చరిత్రాంశము కనబడకపోదు. ఆ లోయలో తొలుత పశువుల కాపరులును కృషీవలులును వేసవికి మాత్రము వచ్చి పోయెడివారై యుందురు. చలికాలమునందుగూడ అచ్చటనే నిలుచుటకు కావలసిన నేర్పు, అనగా ఇల్లు కట్టుకొనుట, గ్రాసము దాచుకొనుట, నిప్పు కాపాడుకొనుట, అనంతరకాలమున వారికి అలవడియుండును. ఆ పురాణమే తొలిమంచు పడిన దినమును పండుగగా జరుపుకొమ్మని విధించుచున్నది: హిమవంతుని పూజింపవలెను, బరువైన వస్త్రములు ధరింపవలెను, బంధుమిత్రులతో గూడి మంచుమీద కూర్చుండి విందారగింపవలెను. తప్పించుకొనజాలని శత్రువును అతిథిగా నెదుర్కొన్న ఆ జనుల గుండెదిటవును మెచ్చుకొనకుండ నుండజాలము.

చరిత్ర కాలమునకు వచ్చినచో, 1148–49 సంవత్సరములలో రాజతరంగిణిని రచించిన కల్హణుడు తన దేశపు గుణములను వర్ణించునపుడు, చలికాలమున వెచ్చని స్నానగృహము లుండుటను ఒక గొప్పగా చెప్పుకొనెను. ఆ తరమువాడే, జయసింహమహారాజు కాలమున జీవించిన మంఖకవి, తన శ్రీకంఠచరితమను కావ్యమున హసంతికయను నిప్పుకుండను పేర్కొన్నాడు. సంస్కృతపండితులు దానిని నేటి కాంగ్రిగనే గుర్తించిరి. హసంతి, హసని, అంగారధానిక, అంగారశకటి అని నిప్పుకుంపటి పేర్లను వరుసగా జెప్పిన అమరకోశమును మన వీథిబడుల పిల్లలుగూడ వల్లించినవారే. అట్లుండ, పందొమ్మిదవ శతాబ్దిలో ఆ లోయకు వచ్చిన యూరోపియనులలో కొందరు, మొగలు చక్రవర్తుల పరివారమున నుండిన ఇటలీవారు తమ దేశపు మట్టికుంపటిని చూపింపగా కాశ్మీరులు దానిని నేర్చుకొనియుందురని ఊహించిరి. ఇటలీదేశమున పిడిగల చిన్న నిప్పుకుండ యొకటి వాడుకలో నుండుట నిజమే. కాని అక్బరు సేనలు కాశ్మీరమును జయించినది 1586లో, మంఖుడు కావ్యము వ్రాసినది అంతకు నాలుగువందల యేండ్లకు పైగా పూర్వము. చలియు లేమియు ఒక్కచోట చేరినప్పుడు రెండు దూరదేశముల ప్రజలకు ఒకే యుపాయము తోచుటలో వింత యేమున్నది? పేదవాని చేతిలోని మంచి పనిముట్టును చూడగానే దానిని ఎవ్వరో పరాయివారు నేర్పియుందురని తలచుట ఆ కాలపు విద్వాంసులలో కొందరికి పరిపాటియై యుండెను. ఈ విషయమున వారి యూహకు ఆధారము లేదు.

కాంగ్రిని చేయుటలో రెండు వృత్తులవారి చేతులు కలిసినవి. లోని చిప్పను కుమ్మరి చేయును: జానెడు వెడల్పును మించని గుండ్రని పాత్ర, అడుగున మందము, అంచున కొంచెము లోనికి వంపు, ఒళ్లో పెట్టుకొన్నప్పుడు నిప్పు ఒలుకకుండునంతటి లోతు. దానిచుట్టు బుట్టనల్లువాడు వేరొకడు. విల్లో చెట్ల సన్నని బరికలను, కొండపొదల రెమ్మలను కోసి తెచ్చి, ఉడికించి, బెరడు వొలిచి, ఎండబెట్టి, మరల అల్లువేళకు నానవేసి, అవి తోలువలె సాగునపుడు వానిని చిప్పచుట్టు గట్టిగా అల్లుకొనివచ్చి, పైకి రెండు పిడులు లేపి, అడుగున నేల నంటకుండ నిలుచునట్లు పీట వంటి యంచు కట్టును. చిప్పకును బుట్టకును నడుమ ఒకింత సందు విడుచుటలోనే పనివాని నేర్పెల్లయు నున్నది. సందు లేనిచో బరికలు మాడును, ఎక్కువైనచో చిప్ప కదలి పగులును. వెనుకవైపున పిడికి ఒక త్రాటితో చిన్న గరిట వ్రేలాడుచుండును; దానిని త్సాలన్ అందురు, నిప్పును కదపుటకు అది సాధనము. అనంతనాగు కాంగ్రి యనియు, బందీపురా కాంగ్రి యనియు ఊరిపేళ్లతో వీనికి ప్రసిద్ధి కలదు గాని, పొగడ్త యెక్కువగా చరార్ శరీఫు కాంగ్రికే చెల్లినది. షేకు నూరుద్దీను సమాధితో పవిత్రమైన ఆ యూరిలో బరికలకు రంగులద్ది, అద్దపుబిళ్లలు కూర్చి అల్లు కాంగ్రిలు కాపురమునకు పోవు ఆడుబిడ్డలకు పుట్టినింటివారు పెట్టుటకు తగినవి; పొలముపనివాడు కొనునది మాత్రము రంగులేని మోటు కాంగ్రియే. వేడి రెంటిలోను ఒక్కటియే.

నిప్పును నింపుట ఒక కళ. అడుగున ఆకుబొగ్గుపొడి దట్టముగా పరచి, దానిమీద కట్టెబొగ్గు ముక్కలు పేర్చి, పైన పొయ్యిలోని నాలుగు కణకణలాడు నిప్పులుంచి, అన్నిటిమీదను పలుచగా బూడిద కప్పుదురు. ఆ బూడిదయే దీని కీలకము. గాలిని అది అణచిపట్టుటచే నిప్పు భగ్గున మండి ఒక గడియలో ఆరిపోక, పైనుండి క్రిందికి మెల్లమెల్లగా, పొరవెంట పొరగా ప్రాకును. రమారమి పావుకిలో బొగ్గు ఆరుగంటలసేపు వచ్చును. వేడి తగ్గినట్లు తోచినప్పుడు త్సాలనుతో అంచువెంట ఒక్కసారి కదపి, బూడిద కొంచెము తొలగించినచో క్రింది పొర మేలుకొనును. తొందరపడి నడుమ పొడిచినచో ఒక్కుమ్మడి ఎర్రబడి పిమ్మట నిరుపయోగమగును. ఈ మెలకువ అచ్చటి పిల్లలకు అక్షరములకంటె ముందు వచ్చును. తెల్లవారుజామున ఇంటియిల్లాలు పొయ్యి రాజేయగానే చేయు తొలిపని ఇంట నెందరున్నారో అన్ని కాంగ్రిలు నింపుట. ముదుసలివారికి ముందు, బడికిపోవు పిల్లలకు పిమ్మట, తనకు కట్టకడపట.

బొగ్గు కొనవలెనన్న సొమ్ము కావలెను; ఆకులకు అక్కరలేదు. కాశ్మీరమున చినారు చెట్టు శరత్కాలాంతమున ఎర్రబడి, అక్టోబరు నవంబరు మాసములలో ఆకురాల్చును. ఆ సౌందర్యమును చూచుటకు దూరదేశములనుండి వచ్చువారు చెట్టువంకనే చూతురు. ఊరి ఆడువారును పిల్లలును చెట్టుక్రింది నేలను చూతురు. పొడవాటి చీపుళ్లతో ఆకులు ఊడ్చి కుప్పవేసి, ఒకవైపునుండి అంటించి, మంట కుప్పను మ్రింగివేయకముందే నీళ్లు చిలుకరించి ఆర్పుదురు. ఒక నిమిషము ఆలస్యమైనచో బూడిదయే మిగులును. ముందైనచో పొగచూరిన పచ్చియాకు మిగులును. సరియైన వేళను ఆర్పినప్పుడు తేలికయైన నల్లని పొరలుపొరల బొగ్గు చేతికి వచ్చును. దానిని ఎండబెట్టి, గోతములలో కుదించి, అటకమీద దాచుకొందురు. దారినపోవు వాని కాలిక్రింద నలిగిపోవలసిన ఆకు, రెండు నెలల తరువాత ఒక ముసలివాని మోకాళ్లకు వెచ్చదనమగుచున్నది. పోగగు పొగ నగరపు గాలిని చెరచుచున్నదని ఇప్పుడు ఆకులు కాల్చుటను ఆక్షేపించుచున్నారు; ఆ యాక్షేపణలో సత్యము లేకపోలేదు గాని, ఆ గోతములకు బదులుగా పేదయింటికి ఏమి యిత్తురో గూడ చెప్పవలసియున్నది.

కాంగ్రికి జంటయైనది ఫెరన్. మెడనుండి మోకాళ్లు దాటువరకు వదులుగా జారు ఆ ఉన్ని యంగీకి నడుము బిగింపు లేదు, చేతులు విశాలములు, లోపల మనిషితోపాటు అతని కుంపటియు సుఖముగా నిముడును. చేతులను చొక్కాచేతులలోనుండి లోనికి లాగుకొని, కాంగ్రిని రెండరచేతుల నడుమ పట్టుకొని నడచుచు, అంగడిలో కూర్చుండి బేరమాడుచు, బడిలో పాఠము వినుచు కాశ్మీరులు చలికాలమును గడపుదురు. 1890లో శ్రీనగరపు మిషను పాఠశాలకు వచ్చి చిరకాల మధ్యాపకత్వము నెరపిన టిండేల్ బిస్కోదొర, తొలిదినమున తాను చూచిన పిల్లలందరును ఫెరన్లలో నిప్పుకుండలు దాచుకొని కూర్చుండిరని వ్రాసియున్నాడు. ఆటపాటలకు, ఒడలి చుఱుకుకు ఆ వేషము అడ్డమని ఆయన తలచెను. ఆయన తలంపు ఆటస్థలమునకు సరియే గాని, కట్టెలపొయ్యియు లేని పాఠశాలలో ఒంటిపూట కదలక కూర్చుండవలసిన పసివానికి అంతకంటె దిక్కేమి కలదు?

ఇంటికట్టడముగూడ ఈ పొదుపునకు తగినట్లే యున్నది. పల్లెయిండ్లలో క్రింది యంతస్తున చలికాలమంతయు ఆవులను, గొఱ్ఱెలను కట్టివేయుదురు. వాని ఒంటివేడి కఱ్ఱపలకలగుండ పై యంతస్తున నివసించు మనుష్యులకు చేరును. పింజరయను జాలీకిటికీలకు గాజు లేనందున, పూర్వము చలి ప్రవేశింపగానే వానిమీద కాగితము లంటించెడివారు. వెలుతురు వచ్చెడిది, గాలి రాకుండెడిది. కప్పుమీద భూర్జపత్రములు పరచి మన్ను కప్పుట పూర్వపు వాడుక. వసంతమున ఆ మంటిపై పూలు పూచుటను వర్ణింపని యాత్రికుడు లేడు. నేలమీద వరిగడ్డిచాపలు, సరస్సుల రెల్లుతో అల్లిన చాపలు ఒకదానిపై నొకటి పరచి, వానిమీద గబ్బాలు వేయుదురు. గబ్బా యనగా, చినిగి కప్పుకొనుటకు పనికిరాకపోయిన పాత కంబళ్లను ఉతికి, రంగు వేసి, ముక్కలుగా కోసి, అతుకులు కలిపి, పైన కుట్టుపని చేసిన పఱపు. అనంతనాగు ఈ పనికి పేరుపడినది. మన యిండ్లలో పాతచీరలతో బొంతలు కుట్టిన ముత్తవ్వలు ఆ కుట్టు చూచినచో ఆ చేతుల బుద్ధిని వెంటనే గుర్తుపట్టుదురు. వేసవిలో ఎండబెట్టిన వంకాయ, సొరకాయ ముక్కలు దండలుగా వాసములకు వ్రేలాడుచుండును. నడిగొట్టములో నిప్పుంచు రాగి సమోవారులో ఉప్పుతేనీరు మరగుచుండును. ఇంటిలో నొక్క పొయ్యి వెలిగినచో అది వంటకును, తేనీటికిని, ఇంటిల్లిపాది కాంగ్రిలకును నిప్పు నీయవలసినదే. ఒక్క నిప్పుకణికయు ఊరక ఆరిపోగూడదు.

ఒంటరిగా మోయలేని ఖర్చును వాడవారెల్లరు కలిసి మోసిన విధము హమాము. మసీదులనంటి కట్టిన ఒక గదికి నున్నని రాతిపలకలతో నేల వేసి, ఆ పలకల క్రింద సొరంగము విడిచి, అందులో కట్టెలు కాల్చుదురు. రాయి మెల్లగా వేడెక్కును, మెల్లగా చల్లారును. ఉదయమున వేసిన కట్టె వేడి చాలసేపు నిలుచును. అదే మంటమీద పెద్ద రాగికాగులో నీళ్లు కాగి, ప్రార్థనకు ముందు కాలుసేతులు కడుగుకొనువారి కందును. కట్టెఖర్చు వాడవారి చందాలమీద జరుగును. ప్రార్థన ముగిసినతరువాతగూడ ముసలివారు, పనిలేని కూలీలు, ఇంట చాలినంత నిప్పు లేనివారు ఆ వెచ్చని రాళ్లమీద గోడకు చేరగిలబడి కూర్చుందురు. ఊరిలోని వార్తలు, తగవులు, పెండ్లి సంబంధములు అచ్చటనే తెమలుట సహజము. కల్హణుడు చెప్పుకొన్న వెచ్చని స్నానగృహములకును ఈ హమాములకును నడుమ మతము మారినది, రాజ్యములు మారినవి. చలికాలమున పదిమందికి నొక నిప్పు చాలించుకొను బుద్ధి మారలేదు.

ఇక చెప్పవలసిన మాట కష్టమైనది. ఈ కాంగ్రిని ఒళ్లో పెట్టుకొని బ్రదికినవారిలో అనేకులు, లోకములోకెల్ల వెచ్చనైన వస్త్రమును నేసినవారు. లడఖు, టిబెట్టు ఎత్తుపీఠభూములలోని మేకల పైబొచ్చు క్రింది నూగునుండి వచ్చు పశ్మీనా నూలుతో కాశ్మీరపు సాలెవారు నేసిన శాలువలు మొగలు దర్బారులకును, పిమ్మట పారిసు, లండను నగరముల ప్రభుకాంతలకును చేరినవి. 1846 మార్చి 16వ తేదీన జరిగిన అమృతసరస్సు సంధిలో 75 లక్షల రూపాయలకు ఆ దేశమును జమ్మూ రాజగు గులాబుసింగు పరము చేసిన ఆంగ్లేయులు, ఏటేట తమకు చెల్లింపవలసిన కప్పములో ఒక గుఱ్ఱమును, 12 శాలువమేకలను, మూడు జతల కాశ్మీరశాలువలను చేర్చుకొనిరి. ఆ శాలువ నేసినవాని స్థితి యెట్టిదన, నేసిన ప్రతివస్త్రము మీదను ముద్రాసుంకము. ఆ సుంకమునకు దాఘ్ శాల్ అను ప్రత్యేక కచేరీ. సాలెవానికి పైకము చాలక వృత్తి విడుతునన్నను విడుచు స్వాతంత్ర్యము లేదు. 1865 ఏప్రిలు 29వ తేదీన శ్రీనగరమున జాల్‌డగర్ మైదానమున సాలెవారు గుమిగూడి మొరపెట్టుకొనగా సేనలు వారిని చెదరగొట్టెను. వంతెనమీద తొక్కిడిలో కాలువలో పడి 28 మంది మరణించిరి. అయిదేండ్లకు ఫ్రాన్సు ప్రష్యాదేశముల యుద్ధము వచ్చి పారిసు బేరము పడిపోయినది. 1877 మొదలు 1879 వరకు పాడుకరవు వచ్చి మగ్గములముందు కూర్చుండువారినే హరించినది. చలిని జయించు వస్త్రము వారి చేతులలో పుట్టి పరదేశముల భుజములమీదికి పోయెను. వారి చలికి మిగిలినవి మట్టిచిప్పయు ఆకుబొగ్గును. కాంగ్రిని గూర్చి ఎంత ప్రేమతో వ్రాసినను ఈ సంగతి మరచి వ్రాయుట అన్యాయము.

దాని వెచ్చదనమునకు ఒడలు చెల్లించిన వెలయు తక్కువది కాదు. 1865లో శ్రీనగరమునకు వచ్చి వైద్యము ప్రారంభించిన ఎల్మ్‌స్లీ వైద్యుడు, కాశ్మీరులకు పొట్టక్రిందను, తొడల లోపలి వైపునను పుట్టు ఒక విధమైన పుండు మరి యే దేశమునను కానరాకుండుట చూచి, దానికిని కాంగ్రికిని సంబంధము కలదని మరుసటియేడే ప్రకటించెను. గొంతుకూర్చుండి నిప్పుకుండను తొడలనడుమ ఇరికించుకొను అలవాటుచే, అదే చోట చర్మము ఏటేట ఉడికి, మచ్చలుపడి, బిరుసెక్కి, తుదకు కొందరికి వ్రణముగా మారుచున్నది. పిమ్మట శ్రీనగరపు మిషను వైద్యశాలలో చిరకాలము శస్త్రచికిత్స చేసిన నీవ్ సోదరులలో చిన్నవాడగు ఎర్నెస్టు నీవ్ ఇట్టి రోగులను పెక్కుమందిని చూచి, 1923లో బ్రిటిషు వైద్యపత్రికలో వివరముగా వ్రాసెను. మనుష్యుని చర్మమునకు దీర్ఘకాలము తగులు వేడియే క్యాన్సరు వ్యాధికి హేతువు కాగలదని వైద్యలోకము నేర్చుకొనుటలో ఈ పేదల తొడలమీది మచ్చలు పాఠములైనవి. నిద్రలో కాంగ్రి ఒరిగి పక్కబట్టలంటుకొనుట, కఱ్ఱయిండ్ల వాడలు తగులబడుట తరచు జరిగినవే. తలుపులు బిగించిన గదిలో బొగ్గునిప్పు వెలువరించు విషవాయువునకు వాసన లేదు, రంగు లేదు. ఆ సంగతి తెలియక నిదురలోనే పోయినవా రన్ని చలిదేశములందును కలరు. గాలి సందు విడువకుండ నిప్పుకుంపటి పెట్టుకొని పండుకొనరాదని మన యిండ్లలోగూడ చెప్పుట అవసరము. బాలింతగదిలో కుంపటి నుంచు ఆచారమింకను కొన్నిచోట్ల కలదు గదా.

ఇన్ని కీడులు తెలిసియు ఆ జనులు కాంగ్రిని విడువలేదు. విడువకపోవుటయే కాదు, తమ శుభాశుభకార్యములలోనికి దానిని తెచ్చుకొనిరి. పెండ్లియైన తొలి శీతకాలమున పుట్టినింటివారు కుమార్తెకు రంగుల కాంగ్రిని, కలిగినవారైనచో వెండి త్సాలనుతో, పంపుదురు. కాశ్మీరపండితుల యిండ్లలో శిశిరసంక్రాంతి నాడు, అనగా మనకు మకరసంక్రాంతియైన ఆ దినముననే, నిప్పునింపిన కాంగ్రిని పితృదేవతల పేర పురోహితునకు దానమిత్తురు. ఆ దినమునే మనవారు కంబళదానము పుణ్యమందురు, ఆ ముందునాటి తెల్లవారుజామున భోగిమంట వేయుదురు. పోయినవారికిగూడ చలివేయునని తలచి నిప్పు పంపు ఆ ప్రేమ యెంతటిదో, చలి యెముకలు కొరికిన దేశమువారికే పూర్తిగా తెలియును. 1990 తరువాత లోయను విడిచి జమ్మూమైదానములకు, ఢిల్లీనగరమునకు చెదరిపోయిన పండితకుటుంబములలో చలి అంతగా లేనిచోటనుగూడ సంక్రాంతి దానమునకు ఒక చిన్న కాంగ్రిని సంపాదించుకొనువారున్నారు.

ఇరువదవ శతాబ్దిలో లోయకు పొగగొట్టముగల ఇనుపపొయ్యి, బుఖారీ యనునది, వ్యాపించినది. కట్టెతోను, రంపపుపొట్టుతోను మండు ఆ పొయ్యి కచేరీలకును కలిగినవారి కూర్చుండు గదులకును చేరినది. వితస్తానదిపై మోహురావద్ద జలవిద్యుత్కేంద్రము ఆ శతాబ్ది తొలి దశకముననే వెలసినది. పిమ్మట గ్యాసుపొయ్యిలు, విద్యుత్‌కంబళ్లు వచ్చినవి. అయినను ఒక చిక్కు తీరలేదు. కొండలలోని మంచు కరుగక నదులు సన్నబడు మాసములలోనే ఇండ్లలో విద్యుత్తు అక్కర హెచ్చును. నీరు తగ్గి యంత్రము మందగించు వేళనే ప్రతి గదిలోను వేడి కావలెను. కావున కోతలు తప్పవు. కనుమదారి మూసికొన్నచో గ్యాసుబండియు రాదు. అట్టి రాత్రులయందు ఏ తీగతోను, ఏ దారితోను నిమిత్తము లేక, అటకమీది గోతములోని ఆకుబొగ్గుతో నడచునది కాంగ్రి యొక్కటియే. అందుచేతనే నేటికిని అక్టోబరు మాసము వచ్చుసరికి శ్రీనగరపు వీథులలో బండ్లమీద కాంగ్రిలు కొండలవలె పేరుకొనును; విద్యుత్‌కంబళి కొన్న గృహస్థుడుగూడ ఇంటిలోని తలలు లెక్కపెట్టుకొని, చిప్పను వ్రేలితో మీటి మ్రోత విని, బీటలేదని నిశ్చయించుకొని, తలకొకటి చొప్పున తీసికొనిపోవును.